కళ్ళజోడున్న పాపకి కెమెరా కొనొచ్చా అని అడిగిన అమ్మకి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ పాపకి 14 ఏళ్ళు. రెండు కళ్ళకీ మైనస్ 5.5 పవరు, కంటి వంపు సమంగా లేకపోతే వచ్చే సిలిండర్ పవరు కూడా కొంచెం ఉంది. బడిలో సోడాబుడ్డి అంటున్నారని ఏడాదిగా ఫొటోకని ఎవరు ఫోన్ పైకెత్తినా కళ్ళజోడు తీసేస్తోంది, లేకపోతే పక్కకి తప్పుకుంటోంది. ఇంట్లో మిగతా అందరి ఫొటోలూ తీసేది మాత్రం తనే. ఇప్పుడు కెమెరా కావాలంటోంది. కెమెరాలో కన్ను పెట్టి చూస్తే పవరు పెరుగుతుందని మీ అత్తగారు, కళ్ళద్దాలవాళ్ళకి ఆ పని కుదరదని మీ ఆడపడుచుగారు అంటున్నారు. చివర్లో మీరే ఒక మాట కలిపారు: "నేనూ పెళ్ళిళ్ళలో ఫొటోకి తీసేస్తాను లెండి" అని. ఆ మాట దగ్గరికి తర్వాత వస్తాను.

నాకు నాలుగో తరగతిలో కళ్ళజోడు వచ్చింది. ఇప్పుడు మైనస్ 7.5. ఇరవై ఏళ్ళకి పైగా విశాఖలో ఫొటోలు తీయడమే నా బతుకుదెరువు. పెళ్ళిళ్ళు తీశాను, బడుల్లో గ్రూపు ఫొటోలు తీశాను, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో నాకోసం హార్బర్ తీసుకుంటూనే ఉన్నాను. కాబట్టి మీ ఆడపడుచుగారి మాటకి జవాబు నేనే.

మీ అత్తగారి భయానికి జవాబు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా అమ్మమ్మ కూడా ఇదే భయపడేది. కన్నుగుడ్డు ముందు నుంచి వెనక్కి కాస్త పొడుగ్గా పెరిగితే మైనస్ వస్తుంది. ఎదిగే వయసులో అది పెరుగుతూ ఉంటుంది, కెమెరా ఉన్నా లేకపోయినా. వ్యూఫైండర్‌కి కన్ను ఆనించి చూస్తున్నాం కదా, బొమ్మ అంగుళం దూరంలో ఉందనుకుంటాం. అలా ఉండదు. లోపలున్న అద్దాల అమరికవల్ల ఆ బొమ్మ ఇంచుమించు మీటరు దూరంలో ఉన్నట్టే కంటికి అందుతుంది. పడుకుని మొహం మీద ఫోన్ పెట్టుకుని చూడటంకంటే కంటికి ఇది చాలా తేలిక. పైగా కెమెరా పిల్లల్ని ఆరుబయటికి తీసుకెళ్తుంది. పిల్లలు రోజూ బయటి వెలుతురులో గడిపితే కొత్తగా మైనస్ వచ్చే అవకాశం తగ్గుతుందని వైద్యులు తేల్చారు. మీ పాపకి ఉన్న పవరు దానివల్ల తగ్గదు. కానీ ఇంట్లో చిన్నవాళ్ళుంటే వాళ్ళని కూడా వెంట పంపండి. ఏడాదికోసారి కంటి పరీక్ష మాత్రం తప్పించకండి. కళ్ళముందు మెరుపులు, పక్కనుంచి తెర దిగినట్టు నీడ, ఒక్కసారిగా బోలెడు నల్లచుక్కలు కనబడుతున్నాయని ఎప్పుడైనా అంటే అదే రోజు డాక్టరుకి చూపించాలి. పెద్ద మైనస్ ఉన్నవాళ్ళం జన్మంతా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

ఇంకో జాగ్రత్త. మన ఊళ్ళో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది కాబట్టి కెమెరా పట్టిన ప్రతివాళ్ళూ ముందు ఆర్కే బీచ్‌కే పరిగెడతారు. అద్దంలోంచి నేరుగా చూసే డీఎస్ఎల్ఆర్‌లో, అందులోనూ జూమ్ లెన్సుతో, సూర్యుణ్ణి చూడకూడదు. పైకి వచ్చిన పొద్దుని తీయాలంటే వెనక స్క్రీన్ మీదే చూసుకోమనండి.

ఇక మీ పాప సంగతి.

ఏడో తరగతిలో మా బడిలో గ్రూపు ఫొటో తీశారు. నేను రెండో వరసలో చివర నిలబడ్డాను. ఫొటో తీసేందుకు వచ్చినాయన నావైపు చూపించి, "ఆ పాప కళ్ళజోడు తీసెయ్యమ్మా, ఫ్లాష్ కొడుతోంది" అన్నాడు. తీసి గుప్పిట్లో పట్టుకున్నాను. తీశాక ఆయన ఎక్కడున్నాడో నాకు కనబడలేదు. మసకలో ఒక నల్లటి ఆకారం ఉంటే అదే కెమెరా అనుకుని అటు చూశాను. అది వేపచెట్టు మొదలు. ఫొటో చేతికొచ్చాక చూస్తే అందరూ ఒకవైపు, నేనొక్కదాన్నీ ఇంకోవైపు చూస్తున్నాం. ముక్కుకి రెండు పక్కలా కళ్ళజోడు బిళ్ళలు నొక్కిన గుంటలు పడి ఉన్నాయి. కళ్ళు చిట్లించి ఉన్నాయి. ఆ ఫొటో మా ఇంట్లో చాలాకాలం బీరువా తలుపుకి లోపలివైపు అంటించి ఉండేది. చీర తీసుకోవడానికి అమ్మ తలుపు తెరిచినప్పుడల్లా నేను అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. నా మొహమే అంత అనుకున్నాను. అది ఆ ఒక్క క్షణంలో చూపు పోగొట్టుకున్న మొహమని అర్థం కావడానికి పదేళ్ళు పట్టింది.

ఆ మెరుపు తప్పించడానికి అరనిమిషం చాలు. ఈ సంగతి నేర్చుకున్న రోజు నాకు కోపం కూడా వచ్చింది. వెలుతురు అద్దానికి ఏ కోణంలో తగిలితే అదే కోణంలో అవతలికి పోతుంది. ఫ్లాష్ కెమెరా నెత్తిమీదే ఉండి పాప ఎదురుగా నిలబడితే ఆ వెలుగు తిన్నగా కెమెరాలోకే తిరిగొస్తుంది. వెలుగుని కాస్త పైకి, పక్కకి జరిపితే చాలు, అది ఇంకెటో పోతుంది. జరపడానికి వీల్లేకపోతే కళ్ళజోడు కాడల్ని చెవుల మీద ఒక్క బియ్యపుగింజంత పైకి లేపాలి. అద్దాలు కిందికి వంగుతాయి, మెరుపు నేలకి పోతుంది, చూసేవాళ్ళకి తేడా తెలియదు. లేదా గడ్డం కొంచెం దించమనాలి. ఇంట్లో అయితే ఫ్లాష్ ఎందుకు, కిటికీ పక్కన వాలుగా కూర్చోబెడితే సరిపోతుంది. పెద్ద మైనస్ అద్దాల్లోంచి చెంప గీత లోపలికి విరిగినట్టు కనబడుతుంది. మొహం బాగా పక్కకి తిప్పినప్పుడు అది ఇంకా ఎక్కువ. కొంచెం ఎదురుగా తిప్పుకుంటే తగ్గిపోతుంది. ఎండకి నల్లబడే అద్దాలైతే ఫొటోకి ముందు కాసేపు నీడలో ఉంచాలి. కొత్త కళ్ళజోడు చేయించేటప్పుడు మెరుపు తగ్గించే కోటింగ్ అడగండి. దాంట్లో పలచటి ఆకుపచ్చ ఛాయ మిగులుతుంది కానీ కళ్ళు కనబడతాయి. ఫ్రేము చిన్నదైతే మైనస్ అద్దం అంచులు కూడా పలచబడతాయి.

ఇవన్నీ ఫొటో తీసేవాళ్ళు చూసుకోవాల్సినవి. అవి చేతకాకపోతే ఆ తప్పు పిల్ల మొహానిది కాదు. అమెరికా వీసా ఫొటోకి 2016 నవంబరు నుంచి కళ్ళజోడు తీయాలన్న నిబంధన ఉంది, అలాంటి అధికారిక ఫొటోలు వేరే లెక్క. మిగతా ఎక్కడైనా "తీసెయ్యమ్మా" అంటే "మీరు లైటు జరపండి" అనొచ్చని మీ పాపకి చెప్పండి. అలా అనడానికి దానికి ఇంకా ధైర్యం లేకపోతే మీరనండి.

నా చేతికి కెమెరా వచ్చింది 1993లో. మా చిన్నమావయ్య దగ్గర పాత యాషికా ఎస్ఎల్ఆర్ ఉండేది. ఆదివారం తెల్లారుజామున నన్ను స్కూటరు ఎక్కించుకుని ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్ళేవాడు. నెలకొక్క రోలు, 36 ఫొటోలు. ఆ కెమెరాలో నాకు అన్నిటికంటే నచ్చింది వ్యూఫైండర్ మధ్యలో ఉన్న చిన్న గుండ్రం. అందులో బొమ్మ అడ్డంగా రెండు ముక్కలై కనబడేది. లెన్సు తిప్పుతూ పోతే ఆ రెండు ముక్కలూ జరిగి జరిగి ఒక్కటయ్యేవి. మరబోటు తెరచాప కొయ్య రెండుగా విరిగినట్టుండి, చటుక్కున అతుక్కుపోయేది. అతుక్కుందంటే ఫోకస్ కుదిరినట్టే. నాకు కనబడుతున్నది మసకో కాదో ఎప్పుడూ అనుమానంతో బతికినదాన్ని, ఇది స్పష్టంగా ఉంది అని ఖాయంగా చెప్పే వస్తువు మొదటిసారి నా చేతిలో ఉంది.

అయితే కెమెరా పట్టుకోగానే ధైర్యం వచ్చేస్తుందని మీకు చెప్పలేను. నేను దాని వెనక దాక్కున్నాను. కెమెరా మొహానికి అడ్డుపెట్టుకుంటే కళ్ళజోడు ఎవరికీ కనబడదు కదా. ఏడాదిన్నర పాటు బోట్లు, తాళ్ళు, వలల కుప్పలు, ఐసు గడ్డలు తీశాను. మనుషుల్ని వెనకనుంచి తీశాను. ఒకరోజు మావయ్య ప్రింట్లన్నీ మంచం మీద పరిచి చాలాసేపు చూసి, "అందరి వీపులే ఉన్నాయి, ఒక్క మొహం లేదేమే?" అన్నాడు. నాకు జవాబు తెలుసు. మొహం తీయాలంటే ఎదురుగా నిలబడాలి. ఎదురుగా నిలబడితే వాళ్ళు నన్ను కూడా చూస్తారు.

ఆ తర్వాతి వారం చేపల వేలం దగ్గర గంప ముందు కూర్చున్న ఒకావిణ్ణి తీశాను. కోనాం చేపని తోకపట్టి ఎత్తి చూపిస్తూ బేరం ఆడుతోంది. ఒకే ఒక్కటి తీసి తప్పుకున్నాను. మళ్ళీ ఆదివారం దూరంనుంచే నన్ను గుర్తుపట్టి కేకేసింది: "ఓలమ్మా అద్దాలపాపా, మొన్న తీసిన నా బొమ్మేదీ? నాకియ్యవేటి?" అందరూ నావైపు తిరిగారు. బడిలో అయితే ఆ పిలుపుకి ఏడ్చేదాన్ని. ఇక్కడ ఆ మాటలో వెక్కిరింత లేదు. పక్కన గంప మోసే మనిషిని పొడుగోడా అన్నట్టే నన్ను అద్దాలపాపా అంది. నా పేరు తెలియదు, కనబడిన గుర్తు అది, అంతే.

పోస్టుకార్డంత ప్రింటు వేయించి పట్టుకెళ్ళాను. తడిచేతులు చీరకి తుడుచుకుని, తుడుచుకున్నా సరిపోలేదనుకుందేమో, రెండు అరచేతుల అంచులతో ఫొటో పట్టుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. "మాయమ్మలాగున్నాను" అంది. "మాయమ్మకి బొమ్మ లేదు. ఇదే మాయమ్మనుకుంటాను" అని ఫొటోని కవర్లో పెట్టి రవికలో దాచుకుంది. ఆ రోజు నుంచి ఆ వరసలో నలుగురైదుగురు తమ బొమ్మ తీయమని అడిగారు. వాళ్ళకెదురుగా నిలబడి, "కొంచెం ఇటు తిరుగు పిన్నీ, వెలుగు ఇటుంది" అని చెప్పడం మొదలుపెట్టాను. గొంతు పెగిలింది అక్కడే. తరగతిలో చెయ్యెత్తి ప్రశ్న అడగడానికి ఇంకో ఏడాది పట్టింది, కానీ అదీ వచ్చింది.

అందుకే మీకు నేను ఇచ్చే సలహాల్లో ముఖ్యమైనది ఇది: కెమెరా ఖర్చుతో పాటు ప్రింట్లకి డబ్బులు పక్కన పెట్టండి. ఫోన్లో చూపించి వేలితో జరిపేసేది వేరు, కాగితం మీద వాళ్ళ చేతికిచ్చేది వేరు. నెలకి పది ప్రింట్లయినా తీసిన మనుషులకి తిరిగి ఇవ్వమనండి. తీసేముందు అడగమనండి. వద్దంటే కెమెరా దించడం కూడా నేర్చుకోవాలి. ఫొటో వద్దనే హక్కు ఎంత విలువైందో మీ పాపకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

హార్బర్‌కి వెళ్తే అయిదున్నరకల్లా ఉండాలి, మీరో ఆయనో తోడు వెళ్ళండి, జారని చెప్పులు వేసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, వేలం సందడి ఉండదు. అయితే మనుషులు తీరిగ్గా కూర్చుని వలలు అల్లుకుంటూ ఉంటారు కాబట్టి, భయపడే పిల్లకి ఆ రోజులే మంచివి. అంత దూరం వద్దనుకుంటే పూర్ణా మార్కెట్ ఉంది. పొద్దున్న రేకుల సందుల్లోంచి కూరగాయల మీద పడే వెలుగు చూస్తే ఎవరికైనా కెమెరా పట్టాలనిపిస్తుంది. ఒకే చోటికి నాలుగు వారాలు వరసగా వెళ్ళాలి. మొదటి వారం అందరూ చూస్తారు, నాలుగో వారం పలకరిస్తారు.

కెమెరా కొనడం గురించి. కొత్తది వద్దు, ఏడాది గడిచాక చూడొచ్చు. ఎవరైనా వాడి పక్కన పెట్టింది చాలు. కళ్ళజోడువాళ్ళు చూసుకోవాల్సినవి రెండున్నాయి, దుకాణాల్లో ఇవి ఎవరూ చెప్పరు. వ్యూఫైండర్ పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది, డయాప్టర్ అంటారు. అది తిప్పితే కళ్ళజోడు లేకుండా కూడా స్పష్టంగా చూడొచ్చంటారు. అది చిన్న పవర్లకే. నికాన్ డీ3500లో మైనస్ 1.7 దాకానే తిరుగుతుంది, సోనీ ఏ6000లో మైనస్ 4 దాకా. మీ పాపది 5.5. పైగా ఆ చక్రం సిలిండర్‌ని సరిచేయదు. కాబట్టి కళ్ళజోడుతోనే చూడాలి, అదే మంచిది కూడా. కెమెరా దించిన ప్రతిసారీ కళ్ళజోడు వెతుక్కుంటే ఎదురుగా జరిగేది జరిగిపోతుంది. కళ్ళజోడు పెట్టుకుని, వ్యూఫైండర్‌లో అంకెలు పదునుగా కనబడేదాకా చక్రాన్ని ఒక్కసారి తిప్పి వదిలేస్తే చాలు.

రెండోది ఐపాయింట్. వ్యూఫైండర్ అద్దం నుంచి కన్ను ఎంత దూరం దాకా జరిగినా నాలుగు మూలలూ కనబడతాయో చెప్పే కొలత. డీ3500లో అది 18 మిల్లీమీటర్లు. మన కళ్ళజోడు అద్దం కంటికి 12, 13 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, దానికి అద్దం మందం, కెమెరా చుట్టూ ఉండే రబ్బరు కలపండి. ఇక మిగిలేదేముంది? మూలలు తెగిపోతాయి. 20 దాటి ఉన్నది వెతకండి. అంకెలు గుర్తులేకపోతే దుకాణంలో కళ్ళజోడుతోనే చూసి, నాలుగు మూలలూ ఒకేసారి కనబడుతున్నాయా అని పాపనే అడగండి. అదే అసలు పరీక్ష. వ్యూఫైండర్ చుట్టూ గట్టి ప్లాస్టిక్ ఉంటే అద్దాలు గీసుకుపోతాయి, రబ్బరు కప్పు వేయించండి.

మసక చూపు గురించి మీ పాపతో ఒక సంగతి మాట్లాడండి. బోర్డు కనబడనప్పుడు మనం కళ్ళు చిట్లిస్తాం. చిన్నప్పుడు కళ్ళజోడు విరిగి బాగుకి ఇచ్చిన రోజు, నేను గుప్పిట బిగించి వేళ్ళ మధ్య సన్నటి కన్నంలోంచి సిటీ బస్సు నంబరు చదివేదాన్ని. వెలుగు వచ్చే దారి చిన్నదైతే బొమ్మ పదునెక్కుతుంది. కెమెరాలో అపెర్చర్ అంటే అదే. ఎఫ్8 పెట్టి ఆ దారిని చిన్నది చేస్తే వెనక కొండ కూడా పదునుగా ఎందుకొస్తుందో తోటిపిల్లలకి పటం గీసి చెప్పాలి, మీ పాపకి చెప్పక్కర్లేదు. అలాగే రాత్రిపూట బీచ్ రోడ్డు మీద నిలబడి కళ్ళజోడు తీసి చూడమనండి. లంగరేసిన ఓడల దీపాలు, డాల్ఫిన్ నోస్ కొండ మీది లైట్‌హౌసు వెలుగు, పెద్ద పెద్ద బొట్టుబిళ్ళల్లా ఒకదాని మీదొకటి వాలి కనబడతాయి. ఆ దారి బాగా పెద్దగా తెరుచుకునే ఎఫ్1.8 లెన్సులు కొని అందరూ తెప్పించుకునే వెనకటి మసక వెలుగు అది. మళ్ళీ పెట్టుకోగానే ఓడలు ఓడల్లా నిలబడతాయి. ఎక్కడ మసక ఉంచాలి, ఎక్కడ పదును పెట్టాలి అన్నది మాకు చాలా ముందే తెలుసు. ఈ మాట గర్వంగానే అంటున్నాను.

మన ఊరి గాలికి అద్దాలేవైనా ఒకటే. ఏసీ గదిలోంచి బయటికి రాగానే కళ్ళజోడుతో పాటు లెన్సు కూడా ఆవిరి పడుతుంది. తుడవద్దు, కెమెరాని సంచిలో మూసే ఉంచి అరగంట ఆగితే దానంతటదే పోతుంది. బీచ్ నుంచి వచ్చాక అద్దాల మీద ఉప్పు, ఇసుక ఉంటాయి. పొడిగా చున్నీతో తుడిస్తే కోటింగ్ గీసుకుపోతుంది. కళ్ళజోడుని ముందు నీళ్ళకింద పెట్టి కడిగి, తర్వాత మెత్తటి బట్టతో అద్దాలి. లెన్సుకి నీళ్ళు వద్దు, గాలిబుడ్డితో ఊది తర్వాత తుడవాలి.

ఇప్పుడు మీ చివరి మాట. పెళ్ళిళ్ళలో ఫొటోకి మీరు తీసేస్తారని పాప చూస్తూనే ఉంటుంది. మా అమ్మ కూడా తీసేసేది, బీరువా తలుపు మీది నా ఫొటోకంటే అదే నాకు ఎక్కువ నేర్పింది. పాపని ఫొటోకి నిలబడమని బలవంతం పెట్టకండి, ఇంకో ఏడాది పట్టినా ఫర్వాలేదు. ముందు మీరు కూర్చోండి. ఈ ఆదివారం ఎనిమిది గంటలకి కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకునే కూర్చుని, నీ ఫోన్ తీసుకురా అనండి. అద్దాల్లో కిటికీ తెల్లగా మెరుస్తుంది. ఎలా పోగొట్టాలో చెప్పెయ్యకండి, వెతకనివ్వండి. కాడలు పైకి లేపడానికి అదే మీ చెవుల దగ్గరికి చెయ్యి పెడుతుంది. కదలకుండా ఉండండి.